దడి పక్క పత్తికట్టె

చెన్నూరు నుంచి గోదావరి వైపు పోతుంటే నల్లరేగడి మొదలైన చోట ఒక ఊరుంది. పేరు చెప్పను. చెబితే మా ఊరిని బదనాం చేశావని నలుగురు మీదికొస్తారు. చెప్పకపోతే చుట్టుపక్కల ప్రతి ఊరివాళ్లూ ఇది పక్క ఊరి కథ అనుకొని హాయిగా చదువుకుంటారు.

ఆ ఊళ్లో పుట్టిన ప్రతి ఒక్కరికీ అవ్వ, బాపు తర్వాత నోటికి వచ్చే మాట ఒకటుంది. "వచ్చేది వస్తది, ఎవలాపిన ఆగది." జొన్న పోయి పత్తి వచ్చినప్పుడు అదే మాట. బోర్లు ఎండినప్పుడు అదే మాట. పిల్లలు మస్కట్‌కో దుబాయికో దారి పట్టినప్పుడూ అదే. బీటీ విత్తనాల ప్యాకెట్‌లో మామూలు పత్తి గింజలది ఒక చిన్న పొట్లం వచ్చేది. దాన్ని చేను చుట్టూ నాలుగు సాళ్లు వేయమనేవారు. ఆ మామూలు చెట్ల మీద కొన్ని పురుగులు బతికుంటే, బీటీకి మొండికేసిన పురుగుల సంతతి తొందరగా పెరగదట. పురుగులకు మనమెందుకు బువ్వ పెట్టాలని ఊరు నవ్వింది, పొట్లాన్ని గట్టు మీద పారేసింది. కొన్నేళ్లకు గులాబీ పురుగు బీటీని లెక్కచేయకుండా కాయలో దూరి కూర్చుంది. అప్పుడూ, వచ్చేదే వచ్చింది అన్నారు. ఈ మాటను కనిపెట్టినవాడెవడో గాని మహా సుఖపురుషుడు. ఎంతటి తప్పునైనా దీనితో కడుక్కోవచ్చు, సబ్బు కూడా అక్కర్లేదు.

బాలలక్ష్మి కూడా అందరితో పాటు ఆ మాట అన్న మనిషే. ఈ ఏడు మాత్రం అది ఆమె నోటికి రావడం లేదు.

జరిగింది ఇది. పోయిన ఏడాది పంటను పురుగు సగానికి సగం తిన్నాక, వ్యవసాయ విస్తరణాధికారి, అదే ఏఈఓ, నవీన ఊరివాళ్లను రైతు వేదిక హాల్లో కూర్చోబెట్టింది. నవీనది హుజూరాబాద్. ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లో కాలేదు, స్కూటీ మీద చేనుచేనుకూ తిరుగుతుంది, తలనెరిసినవాళ్లు కూడా మేడం అంటే సిగ్గుపడుతుంది. ఆ రోజు ఆమె చెప్పింది అందరికీ అర్థమయ్యే సంగతే. పురుగు ఎండకాలం ఎక్కడికీ పోదు. పీకేసిన పత్తికట్టెకు అంటుకొని విచ్చుకోని కాయలుంటాయి కదా, వాటిలో ముడుచుకొని పడుకుంటుంది. తొలకరి పడగానే రెక్కలొచ్చి లేచి, కొత్త చేన్ల మీద గుడ్లు పెడుతుంది. మీరేమో కట్టెను పొయ్యికి పనికొస్తుందని తెచ్చి దొడ్లో కుప్ప వేస్తారు, అంటే పురుగుకు ఇంటి పక్కనే పరుపు వేసిపెడతారు. ఊరంతా ఒక్క మాట మీద నిలబడి, ఒక్క ఏడు, ఒక్క పుల్ల ఇంటికి తేకుండా చేన్లోనే దున్నేయండి. కొందరు చేసి కొందరు మానితే లాభం లేదు.

గ్రామాభివృద్ధి కమిటీ అధ్యక్షుడు శ్యాంసుందర్‌కు ఈ మాట నచ్చింది. వెంటనే ఊరి కట్టు కట్టారు. ఎవరింట్లో పత్తికట్టె కనబడినా జుర్మానా, ఆపైన ఇంటాయన పేరుతో, ఇల్లాలి పేరుతో వాడవాడా చాటింపు. జుర్మానా అంటే ఎట్లాగో కట్టేస్తారు. డప్పు మీద పేరు పలికించుకొని మళ్లీ ఎవరి మొహం చూస్తారు? ఆ భయానికే సగం ఊరు దారికొచ్చింది. కట్టు నిలబడి పురుగు తగ్గితే మేమూ కడతామని చుట్టుపక్కల ఊళ్లు కబురు పంపాయి.

ఇళ్లు తిరిగి చూసే పని కమిటీ మెంబరు హనుమండ్లుకు పడింది. హనుమండ్లు బాలలక్ష్మి పెనిమిటి. చేతికర్రతో ప్రతి దొడ్డీ పొడిచి చూశాడు, కోళ్లగూళ్లు కూడా వదలలేదు. ఒక ముసలామె పొయ్యి దగ్గర దొరికిన గుప్పెడు పుల్లల కోసం అరగంట లొల్లి చేశాడు. తన ఇంటి దొడ్డి మాత్రం చూడలేదు. దీపం కిందనే చీకటి అని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ చీకట్లో ఏముందంటే, కొట్టానికీ దడికీ మధ్య, నీలం ప్లాస్టిక్ పరదా కింద, ఒక బండెడు పత్తికట్టె.

బాలలక్ష్మి దాన్ని పొగరుకు పెట్టలేదు, పొదుపుకూ పెట్టలేదు. బిడ్డ నవత తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. అల్లుడు మస్కట్‌లో ఉన్నాడు. మాఘమాసం చలి. బాలెంతకు పొద్దూమాపూ కాగెడు నీళ్లు మరగాలి, వావిలాకు వేసి సలసల కాగాలి, ఆ వేడికి నడుము గట్టిపడాలి. గ్యాసు మీద కాచిన నీళ్లు ఒంటికి పట్టవని బాలలక్ష్మి నమ్మకం. ఆమె అవ్వదీ అదే నమ్మకం. అడవికట్టె తెద్దామంటే ఫారెస్టోళ్లు ఊరుకోరు. చేతికందే దూరంలో సొంత చేన్లో బంగారంలాంటి కట్టె ఉంది, తెల్లారితే ట్రాక్టరొచ్చి దున్నేస్తుంది. ఆ సాయంత్రం మోపు మీద మోపు మోసి తెచ్చుకుంది. హనుమండ్లు చూసి, గదేందని అడిగాడు. బాలెంత నీళ్లకు అని ఆమె చెప్పింది. అతను కాసేపు గడ్డం గోక్కొని, వానలు పడేలోపు కాలబెట్టెయ్ అన్నాడు. అంతటితో ఇంటి వరకు ఊరి కట్టు అయిపోయింది.

పసిబిడ్డకు నీళ్లు పోసింది గంగుబాయి. ఆమె చేయి మంచిదని ఊరంతా పిలుస్తారు. ఆసిఫాబాద్ అవతలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, మాటలో మరాఠీ కలుస్తుంది. మగడు పోయాక కౌలుకు పత్తి వేసుకుని బతుకుతోంది. ఆ కౌలు చేను బాలలక్ష్మి దడి అవతలే మొదలవుతుంది. పొద్దున్నే వచ్చి, పరదా ఎత్తి, కట్టె లాగి, పొయ్యి అంటించేది. కాళ్లు చాపుకొని పసిదాన్ని ముంగాళ్ల మీద పడుకోబెట్టుకొని, గోరువెచ్చటి నీళ్లు పోస్తూ మరాఠీలో ఏదో కూనిరాగం తీసేది. ఏ కట్టెతో ఆ నీళ్లు కాగాయో ఆమెకు తెలియక కాదు. ఒక్క నాడు కూడా ఆ మాట ఎత్తలేదు. ఎంత మంచిదో అని బాలలక్ష్మి అప్పుడు అనుకుంది. ఇప్పుడు ఆ మంచితనమే తలచుకుంటే ఒళ్లు చల్లబడుతోంది.

కుప్ప మొత్తం కాలి ఉంటే ఈ కథే ఉండేది కాదు. అల్లుడికి అనుకోకుండా సెలవు దొరికింది. వచ్చి భార్యనూ బిడ్డనూ ముందే తీసుకుపోయాడు. కుప్ప సగం మిగిలింది. కాలబెట్టాలని బాలలక్ష్మి రోజూ అనుకుంది. ఎండలు మండుతుంటే మంట పెట్టబుద్ధి కాలేదు. తర్వాత, ఎండిన కట్టె కదా, వానకాలం పొయ్యికి పనికొస్తుంది, నాలుగు రోజులుంచితే ఏం పోయిందనుకుంది. బిడ్డ కోసం దాచినప్పుడు లేని తప్పు, పొయ్యి కోసం ఉంచినప్పుడు వచ్చి కూర్చుందని ఆమెకు తర్వాత తెలిసింది. మొదటిది ప్రేమ, రెండోది కక్కుర్తి.

మిరుగు పడ్డది, మృగశిర కార్తె వానలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం చిటపట చినుకులు ఆగాక, పొయ్యిలోకని పరదా ఒక మూల ఎత్తింది. బూడిదరంగు చిన్న రెక్కల పురుగులు గుప్పున లేచాయి. మొహానికి తగిలాయి, పైట మీద వాలాయి, దడి మీదుగా అటు పోయాయి. బాలలక్ష్మి చేతిలో పరదా అట్లాగే ఉండిపోయింది. ఒక ఎండుకాయను ఒత్తి చూస్తే లోపల ఖాళీ, పక్కన చిన్న బొక్క. మరోదాన్ని ఒత్తితే పల్చటి గులాబీ రంగు పురుగు ఇంకా పడుకునే ఉంది.

తెల్లారి లేస్తూనే మిగిలిన కుప్పకు కిరసనాయిలు పోసి అంటించింది. నానిన కట్టె పొగలు కక్కుతూ మధ్యాహ్నం దాకా కాలింది. బూడిదను కూడా గంపకెత్తి పెంటకుప్పలో కలిపేసింది. ఇక ఆ దొడ్డిలో పత్తికట్టె ఉండేదని చెప్పడానికి నేల మీద నల్లమచ్చ కూడా మిగలలేదు.

సంగతి హనుమండ్లుకు చెబితే అతను నవ్వాడు. ఇంత ఊరిలో పురుగు నీ పరదా కిందికెల్లే లేచిందా, గాలికి ఏ ఊరికెల్లైన వస్తది, నువ్వేమన్న పురుగులకు తల్లివా అని ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళికి ఆమె ప్రాణం కాస్త నెమ్మదించింది కూడా. కొన్నాళ్లు ఆ నవ్వును పట్టుకునే వేలాడింది.

చేన్లు పూతకొచ్చాయి. మొట్టమొదటి గుడ్డిపూలు గంగుబాయి చేన్లో కనిపించాయి. గుడ్డిపువ్వంటే రేకులు విచ్చుకోదు. లోపలున్న పురుగు దారం తీసి కుట్టేసినట్టు ముడుచుకొని ఉంటుంది. నవీన వచ్చి సాలుసాలుకూ తిరిగి చూసింది. దడి పక్క సాళ్లలో ఎక్కువ, అవతలికి పోనుపోను తక్కువ. నవీన దడి దగ్గర నిలబడి ఇవతలికి తొంగిచూసింది. కొట్టం, రెండు బర్రెలు, శుభ్రంగా ఊడ్చిన నేల కనిపించాయి. ఈ దిక్కు నుంచే ఎందుకు మొదలైందో అంతుపట్టడం లేదని గంగుబాయితో అంది. గోదారి గాలి గిటుకెల్లే కొడ్తది మేడం అని గంగుబాయి జవాబిచ్చింది. ఇవతల గాటి దగ్గర వంగి పేడ ఎత్తుతున్న బాలలక్ష్మి వింది. వంగినది వంగినట్టే ఉండిపోయింది.

మర్నాడు ఒక సంచి తీసుకొని గంగుబాయి చేనుకు పోయింది. ఏమని చెప్పిందంటే, ఇంట్లో ఊసుపోవడం లేదు, నీకు సాయంగా గుడ్డిపూలు ఏరుతానని. గంగుబాయి సరేనంది. ఇద్దరూ ఒకే సాలుకు ఇటొకరు అటొకరు నడుస్తూ ఏరేవారు. కోసిన పువ్వులను గట్టు మీద కాల్చేవారు. ఎన్ని కోసినా పొద్దున వచ్చేసరికి మళ్లీ ఉండేవి. గంగుబాయి అప్పుడప్పుడు పసిదాని ముచ్చట అడిగేది, బోర్లపడుతోందా, ఊ కొడుతోందా అని. ఒక్క ముల్లు మాట అనలేదు. అంటే బాగుండునని బాలలక్ష్మి రోజంతా ఎదురుచూసేది. పక్కన నడిచే మనిషి ఏమీ అనకపోతే, అనవలసినవన్నీ మనమే అనుకోవలసి వస్తుంది. అట్లా అనుకొని అనుకొని ఆమెకు రాత్రుళ్లు అన్నం సయించడం మానేసింది.

అయినా ఆమె మనసు ఊరికే ఓడిపోలేదు. బేరమాడింది. పురుగు నా కుప్పలోంచే వచ్చిందని రుజువేమిటి? లేదు. రాలేదని రుజువేమిటి? అదీ లేదు. ఆ కుప్ప లేకుండా అదే ఏడును మళ్లీ మొదటి నుంచి నడిపించి చూపమంటే ఏ దేవుడూ ఒప్పుకోడు. అలాంటప్పుడు నేరం నా ఒక్కదాని నెత్తిన ఎందుకు? మళ్లీ వెంటనే, దడి పక్క సాళ్లు కళ్ల ముందుకు వచ్చేవి.

నవత ఒక రోజు వీడియో కాల్ చేసింది. పసిదాన్ని ఫోన్ ముందుకు పట్టుకుంది. నున్నగా, నిగనిగలాడుతూ, బొజ్జ నిండా నవ్వుతూ ఉంది. "నీ నీళ్లు మంచిగ పట్టినయే అవ్వా, మా అత్త గూడ అంటున్నది," అంది నవత. బాలలక్ష్మి నవ్వింది, ఫోన్ పెట్టేసి ఏడ్చింది. ఆ మాఘమాసం మళ్లీ వస్తే కట్టె తేకుండా ఉంటానా అని తనను తానే అడిగి చూసుకుంది. తెస్తానేమో అనే అనిపించింది. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. పశ్చాత్తాపమైనా పూర్తిగా పడలేని బతుకు.

గుడ్డిపూలు ఒక చేను నుంచి మరో చేనుకు పాకాయి. శ్యాంసుందర్ రైతు వేదికలో మీటింగు పెట్టించాడు. కట్టు కొనసాగించాలా, తీసేయాలా అన్నది తేల్చాలి. తీసేస్తే మళ్లీ ఈ ఊరిలో ఇలాంటి పని ఎవరూ తలపెట్టరని అందరికీ తెలుసు. చూసి నేర్చుకుందామనుకున్న పక్క ఊళ్లు చూసి నవ్వుకుంటాయి. బాలలక్ష్మి ఆడవాళ్లతో పాటు వెనక బల్ల మీద కూర్చుంది. పక్కనే గంగుబాయి.

ముందు నవీన లేచింది. చేతిలో కాగితం లేదు, మొహంలో నెత్తురు లేదు. రెక్కల పురుగు చాలా దూరం పోగలదని, పక్క ఊళ్ల నుంచి వచ్చి ఉండవచ్చని చెప్పింది. "నేను చెప్పినట్టల్ల మీరు చేసిండ్రు. మీకు ఆశ పెట్టింది నేను. తప్పు నాదే," అని చేతులు జోడించింది. వెనక కూర్చున్న బాలలక్ష్మికి తన తట్టను ఎవరో పసిపిల్ల నెత్తికెత్తుకున్నట్టు అనిపించింది.

తర్వాత హనుమండ్లు లేచాడు. మేడంను ఎవరూ ఏమీ అనొద్దని పెద్దరికంగా మొదలుపెట్టాడు. ఊరు పట్టింపుగా ఉందని, కట్టు అంటే కట్టేనని మెచ్చుకున్నాడు. ఆపైన మీసం తుడుచుకొని అసలు మాట అన్నాడు.

"ఇల్లిల్లు తిరిగి నేనే చూసిన. ఊర్ల ఒక్క పుల్ల లేదు. అయినా వచ్చిందంటే ఏంది? అది వచ్చేదే. ఎవలాపిన ఆగది. ఇగ గీ కట్టు ఎందుకు, గీ పరేషాన్ ఎందుకు?"

తలలన్నీ ఊగాయి. ఊగవా మరి. అంతకంటే గట్టి సాక్ష్యం ఏం కావాలి? ఊరంతా తప్పు లేకుండా చేసింది, అయినా పురుగు వచ్చింది. కాబట్టి మనిషి చేతిలో ఏమీ లేదు. నవీన తల వంచుకుంది. శ్యాంసుందర్ సరే అయితే అని లేవబోయాడు.

బాలలక్ష్మికి అప్పుడు అర్థమైంది. తన కుప్ప తిన్నది గంగుబాయి చేను ఒక్కటే కాదు. మొగడి నోట అబద్ధమై, ఊరి నోట నిజమై, వచ్చే ఏళ్లన్నింటినీ తినబోతోంది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు.

"ఒక్క పుల్ల లేదనుడు అబద్ధం. మా దొడ్లె ఉండె. పుల్ల గాదు, కుప్ప."

హనుమండ్లు వెనక్కి తిరిగి చూశాడు. కళ్లతోనే కూర్చోమన్నాడు. ఆమె అతని వైపు చూడలేదు. బిడ్డ బాలెంత నీళ్లకు కట్టె దాచిన సంగతి, సగం మిగిలితే కక్కుర్తిపడి ఉంచుకున్న సంగతి, మిరుగులో పరదా ఎత్తితే రెక్కల పురుగులు లేచి దడి దాటిపోయిన సంగతి, తెల్లారి కాల్చి బూడిద దాచిన సంగతి వరుసగా చెప్పింది. మేడం తప్పు లేదు, మేడం చెప్పింది ఊరంతా ఒక్కటై చేసి చూడలేదు అని ముగించింది.

ఇక రాళ్లు పడతాయని తల వంచుకొని నిలబడింది. పడ్డవి రాళ్లు కాదు. ఒక పెద్దాయన దగ్గి, బాలెంత కోసమే గదా, ఏ తల్లయినా గంతే చేస్తది అన్నాడు. ఇంకొకరు, ఒక్క కుప్పతోని ఊరంత పురుగు అయితదా, లచ్చవ్వకు ఉత్త ఫికర్ ఎక్కువ అన్నారు. మరొకరు, ఎట్లైనా వచ్చేదాయె అన్నారు. మాఫీలు నాలుగు దిక్కుల నుంచి వచ్చి పడుతున్నాయి. బాలలక్ష్మి తలెత్తింది. మాఫీ ఇచ్చినవాళ్లెవరూ ఆమె మొహంలోకి చూడటం లేదు. తొందరపడి ముందు మాఫీ ఇచ్చినవాళ్లయితే నేల చూపులు చూస్తున్నారు. వాళ్ల దొడ్లు ఒక్కొక్కటిగా ఆమెకు గుర్తొచ్చాయి. వాటి మూలల్లో ఏమున్నాయో ఆమె చూడలేదు, హనుమండ్లు కర్ర మాత్రం ఎవరి దొడ్లో ఎంత లోతుకు పోతుందో ఆమెకు తెలుసు.

గంగుబాయి ఆమె కొంగు పట్టుకొని లాగింది. "జాఊ దే అక్కా," అంది మెల్లగా. పోనీలే అని ఆమె అలవాటు మాట. "కూసో. ఎట్లైనా వచ్చేదే."

మిగతా అందరి మాఫీ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. బాలలక్ష్మి కళ్లలోకి నీళ్లు, గొంతులోకి కోపం ఒక్కసారే వచ్చాయి.

"నువ్వు గట్ల అనకు గంగూ. నీ చేను ఖరాబైంది. నువ్వన్న తిట్టు. నువ్వు గూడ వచ్చేదే అంటే, ఇగ నేను చేసిందేంది, మనం చేసేదేంది? నన్ను మాఫ్ చెయ్యకుండ్రి. నన్ను మాఫ్ చేస్తే పురుగును మాఫ్ చేసినట్టే, వచ్చే ఏడు మల్ల వస్తది. జుర్మానా ఎయ్యిండ్రి. నా పేరు చాటియ్యిండ్రి."

గంగుబాయి చేతిలోంచి కొంగు జారిపోయింది. ఆమె మొహం మారింది. ఇన్నాళ్లూ ఎక్కడో అదిమిపెట్టుకున్నది పైకి వస్తుంటే ఆపుకోలేకపోయింది.

"పసిదానికి నీళ్లు పోసినప్పుడల్ల అనుకున్న అక్కా, అడుగుదామని. గీ కట్టె ఎందుకుంచినవని. పొల్ల మొకం చూసి అడగలే," అంది. ఆ తర్వాత చిన్నపిల్లలా ఏడ్చింది. "నా చేను పాయె. కౌలు చేను అక్కా. నా చేను పాయె."

ఆ ఏడుపు బాలలక్ష్మి గుండెలో దిగింది. దిగినా, ఇన్ని రోజుల్లో మొదటిసారి ఊపిరి ఆడినట్టయింది. ఆమె గంగుబాయిని ఓదార్చలేదు. ఓదార్చే హక్కు తనకు లేదు.

శ్యాంసుందర్ ఇబ్బందిగా కదిలాడు. ఇంటి పరువు పోతది, జర సోచాయించు వదినా అన్నాడు. ఆమె ఆలోచించే లేచానంది. మరి మిగతా ఇళ్లు? అని నవీన నెమ్మదిగా అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ఇంకెవరింట్లోనైనా ఉండిందా? మగవాళ్లు కండువాలు సర్దుకున్నారు. శ్యాంసుందర్ అయితే గడియారం చూసుకున్నాడు. చివరికి కట్టు తీసేయాలన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు కాబట్టి కట్టు ఉన్నట్టే అయింది. పెద్ద తీర్మానాలు చాలావరకు ఇట్లాగే అవుతాయి. హనుమండ్లు ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. ఇంటికొచ్చాక కూడా భార్యతో మాట్లాడలేదు. పెట్టిన అన్నం మాత్రం తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఊరికి చాటింపు వేసే కొమురెల్లి డప్పుతో వాడలోకి వచ్చాడు. వేరే వాడల్లో గట్టిగానే మోగిన డప్పు ఈ వాడ మొదట్లో సన్నబడింది. గడప దగ్గర బాలలక్ష్మిని చూసి అతను ఆగాడు.

"లచ్చవ్వా, జర లోపలికి పో. నేను మెల్లగ అని పోత."

"గట్టిగనే కొట్టు కొమురెల్లి. ఇనవడాలె."

కొమురెల్లి పుల్ల ఎత్తాడు. హనుమండ్లు భార్య బాలలక్ష్మి ఊరి కట్టు తప్పి ఇంట్లో పత్తికట్టె ఉంచుకుందని, జుర్మానా పడిందని, ఈ ఏడు కూడా కట్టు ఉందని, కట్టె ఎవరింట్లో ఉన్నా ఊరికి నష్టమని చాటాడు. తన పేరు డప్పు మీద వింటే భూమిలోకి కుంగిపోతానని ఆమె అనుకుంది. కుంగిపోలేదు. మొహం మండిపోయింది, చెవులు గుయ్యిమన్నాయి, అంతే. ఎదురింటి తలుపులు మూసుకున్నాయి. లోపల హనుమండ్లు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. డప్పు పక్క వాడలోకి మలుపు తిరిగిపోయింది.

తర్వాత ఎక్కడో, ఒక ఇంటి వెనక, కరకరమని ఏదో నేల మీద ఈడుస్తున్న శబ్దం వచ్చింది. ఆగి, మళ్లీ వచ్చింది. బాలలక్ష్మి చెవి ఒగ్గింది. ఆ చప్పుడు ఆమెకు బాగా తెలుసు. ఎండిన పత్తికట్టెను చూరు కింది నుంచి లాగుతుంటే అట్లాగే ఉంటుంది. మోపు మీద మోపు మోసిన మనిషి ఎట్లా మరిచిపోతుంది? ఆ శబ్దం అదే వరుసలోని శ్యాంసుందర్ ఇంటి దొడ్డి నుంచి వస్తోంది.

ఇప్పుడు లాగి కాల్చినా ఈ ఏడు పంటకు లాభం లేదు. లేవవలసిన పురుగులు ఎప్పుడో లేచిపోయాయి. ఆ సంగతి లాగుతున్నవాళ్లకూ తెలిసే ఉంటుంది. అయినా లాగుతున్నారు. ఇంకాసేపటికి కింది వాడ నుంచి కూడా అలాంటిదే చప్పుడు, మరీ సన్నగా. నిజమో, తన చెవుల భ్రమో ఆమెకు తెలియలేదు.

దడి దాకా నడిచి తొంగి చూడబోయింది. ఎవరెవరి దొడ్డో చూసుకోవచ్చు. చూస్తే మనసు తేలికవుతుంది, తన తప్పు నలుగురికీ పంచి ఇచ్చినట్టవుతుంది. ఆమె దడి పట్టుకొని ఒక్క క్షణం నిలబడి, చూడకుండానే వెనక్కి తిరిగింది. కొట్టంలో మేకుకు తగిలించిన సంచి తీసుకొని, గుడ్డిపూలు ఏరడానికి గంగుబాయి చేనుకు పోయింది.